ఐదో మనిషి

మార్కాపురం
జూలై 2

దుర్గా,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను, ముందు పని. ఆషాఢం కాబట్టి నీ కుట్టుమిషన్ ఖాళీగా ఉందని మీ అన్న చెప్పాడు. మా ఆసుపత్రికి ఎనిమిది మోత దుప్పట్లు కుట్టిపెట్టాలి. ఆ పేరు నేనే పెట్టానులే, బజారులో అడగకు. మంచం మీంచి లేవలేని రోగిని దుప్పటితో సహా ఎత్తి మెట్ల మీదుగా కిందికి దించాలి. గుడ్డ గట్టిగా ఉండాలి, నాలుగు మూలలా నాలుగు పట్టీలు ఉండాలి. పట్టీ ఊడిందంటే రోగి మెట్ల మీద పడతాడు. మా ఆడబిడ్డ కుడితే ఊడదని డాక్టరు గారికి మాటిచ్చాను, నా పరువు తీయకు.

ఎందుకివన్నీ అంటావేమో. మా ఆసుపత్రి మీద ఇంకో అంతస్తు లేపుతున్నారు. డాక్టర్ జీవానందం గారు మంచివారే గానీ ఆయనకు తొందర ఎక్కువ. కింద రోగులు, పైన వెల్డింగు. కొత్త లిఫ్టు పెట్టాలని పాతది పీకేశారు. వెనక మెట్లు పడగొట్టి మళ్ళీ కడుతున్నారు. ఇక మిగిలినవి ముందు మెట్లొక్కటే, వాటి మీద మేస్త్రీ శ్రీను సిమెంటు మూటలు పేర్చుకున్నాడు. నేను పొద్దున అరుస్తాను, సాయంత్రం అరుస్తాను. "తీస్తా సిస్టరమ్మా" అంటాడు. నోరు తియ్యన, మూటలు అక్కడే. మొన్న ఫైరాఫీసు నుంచి ఒకాయన వచ్చి చూసి, పని పూర్తయ్యేదాకా రోగులను దించే ఏర్పాటు ఉండాలనీ, అది అందరికీ అలవాటు చేయించాలనీ చెప్పి వెళ్ళాడు. డాక్టరు గారు నావైపు చూశారు. నర్సింగ్ ఇన్‌చార్జి అంటే అందరూ చూసే మనిషి అని అర్థం.

అత్తమ్మ బాగానే ఉంది. విరిగింది తొడ ఎముక, షుగరు దిగితే గానీ ఆపరేషన్ చేయరు. అంతదాకా కాలికి బరువు కట్టి పడుకోబెట్టాం. కిటికీ పక్క మంచం ఇప్పించాను. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నీ పేరెత్తితే ఇప్పటికీ ఒకటే మాట, "దాని దిష్టే నా కాలు ఇరగ్గొట్టింది" అని. నువ్వైనా, జాకెట్టు కొలతలు తీస్తూ నలుగురిలో "అమ్మా, లావైనావే" అనడమేమిటే తల్లీ! ఆ వారంలోనే ఆమె బాత్రూములో జారిపడె. నువ్వు తన మంచం దగ్గరికి రాకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చుంది, కాదు, పడుకుంది.

కాబట్టి ఫోన్లు వద్దు. నేను ఎవరితో మాట్లాడినా "ఎవురది, ఎవురది?" అని ఆరా తీస్తుంది. రోజూ గిద్దలూరు నుంచి రైల్లో వచ్చే బ్యాంకు పవన్ కుమార్ ఉన్నాడుగా, గుడ్డల మూటలో చీటీ పెట్టి అతని చేత పంపు. నేనూ అట్లాగే పంపుతాను.

మీ వదిన,
స్వర్ణలత


గిద్దలూరు
జూలై 8

వదినా,

క్షేమ సమాచారాలు చివర రాస్తానని మొదలుపెట్టి చివర కూడా రాయలేదు. ఆసుపత్రిలో మందులు కూడా ఇట్లాగే ఇస్తున్నారా?

దుప్పట్ల సంగతి చెప్తా విను. కంభం పోయి ట్రాక్టరు మీద కప్పే మందపాటి క్యాన్వాసు తెచ్చాను. పట్టీలకు గుడ్డ నిలవదని పాతసామాన్ల దుకాణంలో కార్ల సీటుబెల్టులు కొన్నాను. లారీని లాగినా తెగవు. సూదులు విరిగాయి గానీ కుట్టు కుదిరింది. మొదటిది పూర్తవగానే మా ఆయన్ని అందులో పడుకోబెట్టి, ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం హమాలీలు నలుగుర్ని పిలిచి వీధి చివరిదాకా మోయించాను. పట్టీ అంగుళం కదల్లేదు. మా ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. అదే కొంప ముంచింది. పాలమ్మే మల్లమ్మ ఎదురొచ్చి, తట్ట కింద పెట్టి, "అయ్యో నాయనా, నిన్న గూడా పాలు పోయించుకున్నావే!" అని శోకం అందుకుంది. ఈయన లేచి కూర్చుని "రేపు గూడా పొయ్యి మల్లమ్మా" అన్నాడు. ఆమె పరుగు చూడాలి నువ్వు.

అమ్మ గురించి నాకేం బెంగ లేదు. తిడుతోందంటే బాగున్నట్టే. అన్నం సరిగ్గా తింటోందా? రాత్రిపూట కాలు లాగుతోందంటోందా? తలకు నూనె ఎవరు పెడుతున్నారు? ఊరికే అడుగుతున్నాను.

నేను లావైనావన్నది ప్రేమతోనే వదినా. కొలత పెరిగితే దర్జీదానికి సంతోషం కాదా? నాయన పోయినాక అమ్మ తిండి మానేసి చిక్కిపోయింది గదా. టేపు రెండంగుళాలు ఎక్కువ చూపించేసరికి నోరు జారింది. ఆ జాకెట్టు గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది, మామిడిపండు రంగుది. కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

ఇంకొక్క మాట. కిటికీ పక్క మంచం అన్నావు. ఏ అంతస్తు కిటికీ? అది రాయలేదు నువ్వు.

దుర్గ


మార్కాపురం
జూలై 21

దుర్గా,

దుప్పట్లు అందాయి. డాక్టరు గారు పట్టీలు పట్టుకుని వేలాడినంత పని చేశారు. నీకు ఆయన నమస్కారాలు.

అంతస్తు అడిగావు. మేడ మీదే. ఎముకల వార్డు అక్కడే ఉంది, కింద ఖాళీ లేదు. చెబితే నువ్వు పరిగెత్తుకొస్తావు, నిన్ను చూస్తే ఆమె షుగరు పెరుగుతుంది, ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది. అందుకని రాయలేదు. కోపం వస్తే తెచ్చుకో, నాకూ నా మీద కోపంగానే ఉంది.

ఇక మా ఘనకార్యం విను. ముందుగా మంచానికొక పలక వేలాడదీశాను. మార్కాపురంలో పలకలకు కరువా! తనంతట తాను దిగగలిగిన వాళ్ళ పలక మీద "నడక", చెయ్యి పట్టుకోవాల్సిన వాళ్ళకు "ఆసరా", ఎత్తుకుపోవాల్సిన వాళ్ళకు "మోత". కరెంటు పోయినా, కంప్యూటరు ఆగినా, ఎవరికి ఏం కావాలో మంచం దగ్గరే తెలుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయి మర్నాడు వచ్చి చూస్తే, మీ అమ్మ పలక మీద "నడక" అని ఉంది! ఉమ్మితో చెరిపి తనే రాసుకుంది. కాలికి ఇటుకంత బరువు వేలాడుతుంటే నడకట! అడిగితే, "మోత అని రాస్తావా నా నెత్తిన? నేనేమన్నా సిమెంటు మూటనా?" అంది.

తర్వాత శుక్రవారం పదింటికి డ్రిల్లు ఉంటుందని అందరికీ చెప్పించాను. ఫైరు డ్రిల్లు అనాలి, నేను ఉత్త డ్రిల్లు అన్నాను. నెల రోజులుగా పైన గోడలకు డ్రిల్లు పెట్టి చెవులు చిల్లులు చేస్తున్నారుగా, జనం అదే అనుకున్నారు. గంట కొట్టేసరికి సగం మంది బంధువులు మోత భరించలేమని టీకొట్టుకు పోయారు. మిగతావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. నా గంటా వినపడలేదు, నా అరుపూ వినపడలేదు.

ఇదంతా నవ్వుకునేదే. నవ్వు రానిది తర్వాత జరిగింది. దుప్పటి ఊరికే కింద పరిచి చూపిద్దామని నలుగురు వార్డు మనుషుల్ని తీసుకుని అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. ఒక్కసారి చూసింది. నాలుగు మూలలా నలుగురు. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుంది. "నలుగురా? నేనింకా సావలేదు! మా ఆయన్ని నలుగురు మోసుకోని పోయినారు. మళ్ళా తెచ్చినారా?" అంది. పెద్దారవీడు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, "ఆయమ్మ చెప్పింది నిజం. బతికుండంగా నలుగురి మీద ఎక్కకూడదు" అని తన మంచం తనూ పట్టుకున్నాడు. ఇక చూడు, మోత అని రాసిన వాళ్ళందరూ మంచాలకు అతుక్కుపోయారు. డాక్టరు గారు వచ్చి మూఢనమ్మకాలని ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పట్టు ఇంకా గట్టిపడింది.

నాకు భయంగా ఉంది దుర్గా. నిజంగా పొగ కమ్మితే, ఉన్నవి ఒకటే మెట్లు. ఒక్క మనిషి మంచం వదలనని పెనుగులాడితే వెనకున్న వాళ్ళందరూ ఆగిపోతారు. ఆ ఒక్క మనిషి మన అత్తమ్మే అవుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

స్వర్ణలత


గిద్దలూరు
జూలై 24

వదినా,

మేడ మీద పెట్టి కిటికీ పక్క మంచం అని రాస్తావా! పవన్ కుమార్ ముందే నిన్ను తిట్టాను. అతను పాపం తననే అనుకున్నాడు. పైన నిప్పురవ్వలు, కింద మా అమ్మ, మధ్యలో ఒట్టు. బాగుంది మీ ఆసుపత్రి, బాగుంది మన కుటుంబం.

తిట్టడం అయింది. ఇప్పుడు విను.

నాకు మల్లమ్మ గుర్తొచ్చింది. మా ఆయన్ని చూసి ఆమె ఎందుకు ఏడ్చింది? మోసేవాళ్ళు నలుగురున్నారు కాబట్టే గదా. ఆమెనే అడిగాను, "ఐదుగురు మోస్తే ఏడ్చేదానివా?" అని. కాసేపు ఆలోచించి, "ఐదుగురెందుకు మోస్తారమ్మే? ఐదుగురుంటే అది పాడె యాడయితాది, ఏందో సంబరమైతాది" అంది. అంతే వదినా! నలుగురంటే పాడె, ఐదుగురంటే పేరంటం. ముత్తైదువ అనే మాటలోనే ఐదుంది. చదువుకున్న డాక్టరు గారు మూఢనమ్మకాన్ని పీకేయాలని చూశారు. పీకడమెందుకు, ఇంకో పట్టీ కుడితే పోతుంది గదా!

దుప్పట్లన్నీ వెనక్కి పంపు. కాళ్ళవైపు మధ్యలో ఐదో పట్టీ వేస్తాను, పొడుగ్గా. ఆ మనిషి మోయక్కర్లేదు. ముందు నడుస్తూ దారి చూడాలి, మెట్టు వచ్చింది, మలుపు వచ్చింది అని చెప్పాలి. పొగలో వెనకవాళ్ళకు ఏమీ కనపడకపోయినా పట్టీ లాగినవైపు వస్తారు. ఇది పనికొస్తుందో లేదో నీకే తెలియాలి, నాకు తెలిసింది కుట్టు ఒకటే.

ఎరుపు అంచు వేసి, పసుపు బొట్టు పెట్టి పంపుతాను. అమ్మ దుప్పటికి వేరే గుర్తు పెడతాను, అది ఆమె మంచానికే వెయ్యి. ఎవరు కుట్టారని అడిగితే నా పేరు చెప్పకు.

దుర్గ


మార్కాపురం
ఆగస్టు 12

దుర్గా,

నిన్ను దర్జీ అన్నవాడి నోట్లో మట్టి పడ! నువ్వు మంత్రగత్తెవి.

అత్తమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, ముందు అది చెప్పాలి. కుట్లు ఒకచోట తడిగా ఉన్నాయి, మానడానికి టైము పట్టేటట్టుంది, ఇంకా కాలు కింద పెట్టనివ్వం. భయపడకు, నేను రోజూ చూస్తున్నాను.

నిన్న మళ్ళీ అలవాటు చేయించాం. ఈసారి డ్రిల్లు అనలేదు. "మంటలొస్తే ఎట్ల దిగాలో చూపిస్తాం, టీకొట్టుకు పోవద్దు" అని మంచం మంచానికీ తిరిగి చెప్పాను. రోగులను ఊరికే కదిలించకూడదు కాబట్టి మా ఆయా అంకాలమ్మ రోగి వేషం వేసింది. వేసినప్పటి నుంచి ఒకటే మూలుగు, నిజం రోగులు కూడా అంత మూలగరు. నలుగురు ఎత్తారు. ఐదో మనిషిగా నేను పొడుగు పట్టీ పట్టుకుని ముందు నడిచాను. "మెట్టు! మెట్టు! మలుపు!" పెద్దారవీడు ముసలాయన వేళ్ళు ముడిచి ఐదుగుర్నీ లెక్కపెట్టుకుని, "ఇదైతే పరవాలేదు" అని తలూపాడు. ఆయన తీర్పుతో వార్డంతా ఒప్పుకుంది. నీ ఐదో పట్టీ నిజంగానే పనికొస్తుంది. మలుపు దగ్గర దుప్పటి గోడకు తగలకుండా అదే తిప్పింది.

మెట్ల మీద మూటల సంగతీ తేలింది. అంకాలమ్మ నన్ను అడక్కుండా పొద్దున్నే మెట్లు కడిగి, ముగ్గేసి, పసుపు కుంకుమ చల్లి, కోసిన నిమ్మకాయలు పెట్టింది. శ్రీను మూట మోసుకుంటూ వచ్చి, చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఏంది ఇది అంకాలమ్మా?" "ఏమో నాయనా, తొక్కి చూడు తెలుస్తాది." మధ్యాహ్నానికి మెట్ల మీద ఒక్క మూట లేదు. డాక్టరు గారు, "సిస్టర్, సైన్సు చదివి నిమ్మకాయలా?" అన్నారు. "మూటలు పెట్టొద్దని మీ నోటీసు గోడకు అంటించి నెలయింది సార్, దాని మీదే మూటలు ఆనించారు" అన్నాను. నిమ్మకాయలు వాడినప్పుడల్లా మార్చమని తర్వాత ఆయనే అంకాలమ్మకు చెప్పారట.

ఇప్పుడు అసలు విషయం. అత్తమ్మ మంచం మీద తన దుప్పటి పరిచాను. ఐదో పట్టీకి నువ్వు తొడిగిన మామిడిపండు రంగు గుడ్డను వేళ్ళతో తడిమింది. అటూ ఇటూ తిప్పింది. "ఇది యాడ కుట్టించినారు?" అంది. "ఒంగోలులో అత్తమ్మా" అన్నాను. కుట్టు మీద గోరుతో గీసి చూసింది. "ఒంగోలోళ్ళు కుట్టు బాగానే కుడతారే" అని అటు తిరిగి పడుకుంది. తర్వాత చూస్తే పలక మీద "నడక" చెరిపేసి ఉంది. "మోత" అని రాయలేదు. "ఐదుగురైతేనే" అని రాసింది.

ఆ మాట మీద గట్టిగా ఉంది. "నలుగురే వస్తే మాత్రం మంచం పట్టె వదల్ను" అని నాకు ముందే చెప్పింది.

స్వర్ణలత


గిద్దలూరు
ఆగస్టు 16

వదినా,

ఒంగోలోళ్ళు బాగా కుడతారందా? ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. శ్రావణమాసం, దుకాణం నిండా పెళ్ళి జాకెట్లు, చేతులు ఖాళీ లేవు. అయినా మిషన్ ఆపి చదివాను.

బెంగ లేదని రాసింది అబద్ధం. అమ్మను చూడాలని ఉంది. ఆమె నన్ను చూడకపోయినా సరే, నేను చూస్తే చాలు. ఆ పట్టీ పట్టుకుని ముందు నడిచే మనిషిని నేనై ఉండాల్సింది. నువ్వు నడిచావని అసూయగా ఉంది, నవ్వకు.

దుర్గ


మార్కాపురం
ఆగస్టు 19

దుర్గా,

నవ్వలేదు. విను. వచ్చే బుధ, గురువారాలు నేను ఉండను. ఆసుపత్రుల్లో మంటలొస్తే ఏం చేయాలో విజయవాడలో శిక్షణ ఉందట, పంపుతున్నారు. అత్తమ్మ దగ్గర మధ్యాహ్నం కూర్చోవడానికి మనిషి కావాలి. ఆమె అన్నం తిన్నాక బాగా నిద్రపోతుంది. ముఖానికి మాస్కు పెట్టుకుని, కొంగు కప్పుకుని వచ్చి కూర్చో. లేచే వేళకు వెళ్ళిపో. అంకాలమ్మకు చెప్పి ఉంచాను. ఆమె కడుపులో మాట దాగదు గానీ రెండు గంటలు దాస్తుందిలే.

కాళ్ళు పట్టకు, లేస్తుంది. చూడు, అంతే.

స్వర్ణలత


గిద్దలూరు
ఆగస్టు 30

వదినా,

ఆరోజు నువ్వు విజయవాడ నుంచి పడుతూ లేస్తూ వచ్చేసరికి నేను వెళ్ళిపోయాను. తర్వాత ఫోన్లో క్షేమమనే ఒక్క మాట తప్ప ఏమీ చెప్పలేకపోయాను, పొగకు గొంతు బొంగురుపోయింది. ఈపాటికి నీకు తలా ఒక కథ చెప్పి ఉంటారు. అంకాలమ్మ కథలో ఆమె ఒక్కతే అందర్నీ దించి ఉంటుంది. నా కథ ఇది.

అన్నం వేళ దాటాక వచ్చాను. అమ్మ నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని, చేతిలో ఆ మామిడిపండు రంగు పట్టీ చివర పట్టుకుని. చిక్కిపోయింది వదినా. మళ్ళీ పాత కొలతకు వచ్చేసింది. నేను మంచం కాళ్ళవైపు కూర్చుని కొంగు కళ్ళకు ఒత్తుకున్నాను.

అప్పుడు పైన ఎవరో అరిచారు. వెల్డింగు నిప్పురవ్వ లిఫ్టు గుంటలో పడిందట. అడుగున కొత్త లిఫ్టు సామాను మీద చుట్టిన థర్మోకోలు, అట్టపెట్టెలు ఉన్నాయి. అంటుకున్నాయి. మంట నాకు కనపడలేదు. పొగ మాత్రం వరండాలోకి నల్లగా వచ్చింది, ఆ వాసనకు కళ్ళు మండాయి. కరెంటు తీసేశారు. నీ ఇత్తడి గంట మోగింది.

నీ వాళ్ళు గొప్పవాళ్ళు వదినా. ఒక నర్సు ఆక్సిజన్ కట్టేసింది, ఇంకొకామె లిఫ్టు వైపు తలుపులు మూసి తడి దుప్పట్లు కింద కుక్కింది. పలకలు చూసుకుంటూ "నడక, పదండి! ఆసరా, చెయ్యివ్వండి!" అని కేకలు. ఎవ్వరూ తోసుకోలేదు. మెట్ల మీద నిమ్మకాయ తప్ప ఇంకేమీ అడ్డం లేదు. ఆ నిమ్మకాయను ఎవరూ తొక్కలేదు కూడా, చుట్టూ తిరిగి దిగారు! మోత వాళ్ళు ఒక్కొక్కరే వెళ్తున్నారు. అంకాలమ్మ పెద్దారవీడు తాతకు ఐదో మనిషిగా ముందు వెళ్ళింది.

చివర అమ్మ వంతు వచ్చింది. వార్డు మనుషులిద్దరు, పైనుంచి పరిగెత్తుకొచ్చిన మేస్త్రీ శ్రీను, ఒక రోగి తాలూకు అబ్బాయి. నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. అమ్మ లేచే ఉంది. లెక్కపెట్టింది.

"నలుగురే ఉండారు. ఐదో మనిషి యాడ?"

"ఇంకెవరూ లేరు పెద్దమ్మా, పొగొస్తాండాది, దిగుదాం పా!" అన్నాడు శ్రీను.

"నలుగురితో నేను దిగను. సచ్చినా దిగను!"

"దిగకుంటేనే సస్తావు పెద్దమ్మా!"

అమ్మ మంచం పట్టె పట్టుకుంది. ఆ చేతుల బలం నీకు తెలుసు, నలభై ఏళ్ళు మిరపచేలో చేసిన చేతులు. వాళ్ళు లాగారు, మంచమే కదిలింది గానీ ఆమె వదల్లేదు. పొగ తలుపు పైనుంచి పాకుతూ లోపలికి వచ్చింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒట్టు గుర్తొచ్చింది. నేను ముందుకొస్తే ఆమె ఇంకా మొండికేస్తుందేమో, నా మీద పంతంతో అక్కడే ఉండిపోతుందేమో అని అడుగు వేయలేకపోయాను వదినా.

తర్వాత ఏమైతే అదవుతుందని మాస్కు కిందికి లాగి ఆమె ఎదురుగా వెళ్ళాను. పొడుగు పట్టీ చేతికి చుట్టుకున్నాను. "ఐదో మనిషిని నేనుండానమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. పట్టీ చూసింది. మంచం వదిలేసింది.

"గట్టిగా పట్టుకో" అంది. అంతే.

మాస్కు పైకి లాక్కుని, వంగి, ముందు నడిచాను. మెట్టు కనపడలేదు, కాలితో తడుముకున్నాను. "మెట్టు! ఇంకో మెట్టు! మలుపు!" అని అరుస్తూనే ఉన్నాను. వెనక పట్టీ బిగువుగా ఉంది. ఆ బిగువే నాకు ధైర్యం. వాకిలి దాటి వెలుతురులోకి వచ్చాక గానీ వెనక్కి తిరగలేదు.

ఇక నువ్వు నమ్మనిది చెప్తాను, నీకు ఎవరైనా చెప్పారో లేదో. రోగులను రోడ్డుకు అవతలున్న కల్యాణ మండపంలోకి చేర్చమని నువ్వు ముందే ఏర్పాటు చేశావుగా. ఆరోజు అక్కడ పెళ్ళి! ముందు దిగినవాళ్ళను పక్క తలుపు గుండా తీసుకెళ్ళారట, మేము తెలియక ముందు వాకిలికే పోయాం. ఎర్ర అంచు, పసుపు బొట్టు పెట్టిన దుప్పటి మీద, ముందొక మనిషి, వెనక నలుగురు, ఊరేగింపులాగా లోపలికి రాగానే మేళం వాళ్ళు మగపెళ్ళివారు వచ్చారనుకుని సన్నాయి ఎత్తుకున్నారు. డోలు దడదడలాడించారు! ఎవరో పన్నీరు కూడా చల్లారు. అమ్మ పడుకునే పైట సర్దుకుంది. ఒక ముసలామె మజ్జిగ తెచ్చిచ్చి, "ఈ పెద్దమ్మ ఎవరి తరపమ్మా?" అని అడిగితే, శ్రీను మసిముఖంతో "ఆసుపత్రి తరపు" అన్నాడు. అమ్మ నవ్వింది. మసి పట్టిన ముఖాలతో అందరమూ నవ్వాం, తర్వాత నేను ఏడ్చాను.

ఫైరింజను వచ్చి తొందరగానే ఆర్పేసింది. ఒక్కరికీ ఏమీ కాలేదు. అది నీ పుణ్యం.

కానీ వదినా, అమ్మ నాతో తర్వాత మాట్లాడలేదు. పట్టీ ఒక చివర నా చేతిలో ఉంది, రెండో వైపు ఆమె పట్టుకుని కళ్ళు మూసుకుంది. అన్న వచ్చేదాకా అట్లాగే ఉన్నాం. అన్న రాగానే నేను రైలెక్కేశాను. ఆ రెండు మాటలు పొగకు భయపడి అన్నదో, నన్ను క్షమించి అన్నదో నాకు తెలియదు. ఆమెను అడగకు. నాకు వినే ధైర్యం లేదు.

దుర్గ


మార్కాపురం
సెప్టెంబరు 14

దుర్గా,

విజయవాడలో తెర మీద మంటల బొమ్మ చూపిస్తూ "ఇట్లాంటప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతున్నప్పుడే నాకు ఫోను వచ్చింది. పుస్తకం అక్కడే వదిలేసి బస్సెక్కాను. నేను నేర్చుకోవడానికి వెళ్ళింది ఇక్కడ మీరు చేసి చూపించారు. దారి పొడుగునా ఏడ్చాను, గర్వంతోనే అనుకో.

డాక్టరు గారు మారిపోయారు. వెనక మెట్లు పూర్తయ్యేదాకా పైన పని ఆపేశారు. తర్వాత కూడా వెల్డింగు జరిగేచోట నీళ్ళూ ఇసుకా పెట్టుకుని ఒక మనిషి కాపలా నిలబడాల్సిందే. లిఫ్టు గుంటలో అట్టముక్క కనపడితే శ్రీను తనే దిగి ఏరుతున్నాడు. ముందు మెట్ల మీద నిమ్మకాయలు ఇప్పుడు అతనే కొనుక్కొస్తున్నాడు. అంకాలమ్మ కథ నువ్వన్నట్టే ఉంది, అందులో నువ్వసలు లేవు.

అత్తమ్మ కుట్లు మానాయి. ఈ సోమవారం ఇంటికి తీసుకెళ్తున్నాం, వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నువ్వు అడగొద్దన్నావు కాబట్టి నేనేమీ అడగలేదు. నిన్న తనే కత్తెర అడిగింది. ఐదో పట్టీకి నువ్వు తొడిగిన గుడ్డ కుట్లు ఒక్కొక్కటే విప్పింది. పట్టీకి వేరే తొడుగు నేను వేయించాలట. ఆ గుడ్డ మడిచి నా చేతికిచ్చి, "నువ్వు దానికి చీటీలు రాస్తాండావు గదా, ఇది గూడా పెట్టు" అంది. అన్నీ తెలుసు ఆమెకు, మొదటి నుంచీ! కాగితం అడిగి తీసుకుని, నన్ను చూడనివ్వకుండా దిండు మీద పెట్టి రాసింది. మడత విప్పకుండా పంపుతున్నాను. విప్పకుండానే అన్నది పూర్తిగా నిజం కాదు.

స్వర్ణలత


దుర్గా,

నేను మీ అమ్మను రాస్తాండా. ఒంగోలోళ్ళు కుట్టినారని మీ వదిన చెప్తే నేను నమ్ముతానా? ఆ గొలుసు కుట్టు నీకు నేర్పింది ఎవురు? దుప్పటి వచ్చిన పొద్దే తెలిసింది నాకు.

ఆ పొద్దు నువ్వు రాకుంటే నేను మంచం వదిలేదాన్ని కాదు. నిన్ను చూసినాక మీ నాయన గుర్తుకొచ్చినాడు. ఆయన ముందర ఎవురూ పట్టీ పట్టుకోని నడవలేదు, అందుకే తిరిగి రాలేదేమో అనుకున్నా. నాకు నువ్వు నడిచినావు.

నా జాకెట్టు గుడ్డ మసి పట్టి చెడిపాయె. ఉతికినా పోలేదు. దాన్ని నువ్వే దాచిపెట్టుకో. ఇంటికి పోతే నాకు కట్టుకోనీకి మంచి జాకెట్టు లేదు. అదే రంగు కొత్త గుడ్డ తీసుకోని, కొలతలు తీసుకోనీకి నువ్వే రా. నలుగురిని పిల్చుకోని రావాకు, నువ్వొక్కదానివే రా. మీ వదిన రోజూ గుడ్లు, పాలు అని కుక్కి కుక్కి పెడతాండాది.

టేపు పొడుగుది తెచ్చుకో.

అమ్మ